పకోడీల బండి దగ్గర ఆగిపోయిన వీరులు

అక్కా,

మాది విజయనగరం. కోటకు దగ్గర్లోనే ఇల్లు. చదువయ్యాక ఇక్కడే చిన్న ఉద్యోగం. ఆరు నెలల నుంచి ప్రతి ఆదివారం మా డాబా మీది గదిలో నలుగురు స్నేహితులతో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర వేసుకుని, ఏం చేస్తారో మాటల్లో చెబుతూ, పాచికలు వేసి తేల్చుకునే కథల ఆట అది. ఆట నడిపేది నేనే, అంటే డంజియన్ మాస్టర్ని, పొట్టిగా డీఎంని. వారమంతా రాత్రుళ్ళు కూర్చుని కథ రాస్తాను. వీళ్ళు వచ్చి అరగంటలో దాన్ని గంగలో కలిపేస్తారు. పోయినసారి నలభై పేజీలు రాశాను. కోటలో కుట్ర, దొంగ దివాను, సొరంగం, అన్నీ ఉన్నాయి. వీళ్ళేమో కోట గుమ్మం బయట పకోడీల బండివాడితో బేరం పెట్టుకున్నారు. మూడు గంటలూ అక్కడే! లోపల అడుగే పెట్టలేదు.

ఇంకా ఉన్నాయి. ఒకడు నేనేం చెప్పినా "రూల్ అలా లేదురా" అంటాడు. ఒక అమ్మాయి నోరే విప్పదు. మిగిలిన ఇద్దరూ ఎప్పుడూ లేటు. డైలాగు ఇంగ్లీషులో చెబితే నవ్వొస్తోంది, తెలుగులో చెబితే పౌరాణిక నాటకంలా ఉంటోంది. కింద మా అమ్మ పాచికల చప్పుడు విని "ఏట్రా, జూదమా?" అని అడుగుతోంది. నేను దీనికి పనికిరానేమో. మానేద్దామా?

— డాబా మీది డీఎం, విజయనగరం

తమ్ముడూ,

ఆ పకోడీల బండివాడి పేరేమిటి?

దొంగ దివాను గురించి రాశావు, సొరంగం గురించి రాశావు, బండివాడి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నలుగురు మనుషులు ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని మూడు గంటలు ఒక లేని బండి చుట్టూ కూర్చున్నారంటే అక్కడేదో జరిగింది. నా అనుమానం చెప్పనా? అతన్ని నువ్వు ముందుగా రాసుకోలేదు. ఎవరో "బయట ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే నోటికొచ్చింది చెప్పావు. వాళ్ళు ధర అడిగారు, నువ్వు ఎక్కువ చెప్పావు. వాళ్ళు కొట్లాడారు, నువ్వు ఊరుకోలేదు. ఆ మూడు గంటలూ ఐదుగురూ ఆట ఆడారు. లోపలికి వెళ్ళి ఉంటే నలుగురు వినేవాళ్ళు, నువ్వు చదివేవాడివి.

దీని మీద నాకు గట్టి దెబ్బే తగిలింది కాబట్టి చెబుతున్నాను. శ్రీకాకుళంలో మా గుంపుకి నేను మొదటిసారి ఆట నడిపినప్పుడు బొబ్బిలి యుద్ధం లాంటిది పెట్టాలని కూర్చున్నాను. 1757 జనవరి 24న ఆ కోట పడిన కథ వింటూ పెరిగినవాళ్ళం కదా. (మీది విజయనగరం, నువ్వు ఆ కథలో అవతలి పక్షం. నొచ్చుకోకు.) పేర్లు మార్చాను, ఫిరంగులు పెట్టాను, చివరి రాత్రి అంతఃపురంలో ఎవరెవరు ఏమేం మాట్లాడుకుంటారో కూడా రాసుకున్నాను. రాస్తూ నేనే ఏడ్చాను. తీరా ఆట మొదలయ్యాక మా వాళ్ళు తెల్లగుడ్డ ఒకటి కర్రకు కట్టుకుని నేరుగా శత్రువుల డేరాలోకి వెళ్తామన్నారు. "వాడి చెవిలో మన మీద ఎవరు ఏం ఊదారో కనుక్కుందాం" అన్నారు. మంచి ఆలోచన. నిజంగా ఆనాటి ఫ్రెంచి సేనాని బుస్సీ డేరాకి ఎవరైనా అలా వెళ్ళి ఉంటే ఏమయ్యేదో! కానీ నాకు నా చివరి రాత్రి కావాలి. కాపలావాళ్ళు వెనక్కి పంపేశారన్నాను. చీకట్లో వెళ్తామన్నారు. వాన మొదలైందన్నాను. తడుస్తూ వెళ్తామన్నారు. సేనాని ఎవర్నీ కలవడం లేదన్నాను. అప్పుడు మా బావ ఒకతను పాచిక తీసి పళ్ళెంలో పెట్టేసి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "అయితే నువ్వే సదివెయ్యి, మేం ఇంటాం" అన్నాడు. కోపంగా కూడా కాదు. అదే ఎక్కువ బాధేసింది.

ఈ ఆట ఎలా పుట్టిందో చూస్తే మన తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. దీన్ని 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ అనే ఇద్దరు అమెరికన్లు అచ్చువేశారు. అంతకుముందు వాళ్ళు ఆడుకునేవి యుద్ధం ఆటలు. బల్ల మీద బొమ్మ సైనికులు, కొండలు, నదులు, తగువు వస్తే తీర్చడానికి ఒక రిఫరీ. ఒక్కొక్కరికి సైన్యం బదులు ఒక్కొక్క మనిషిని ఇద్దామనుకోవడమే కొత్త సంగతి. ఆ రిఫరీయే ఇవాళ మన డీఎం. కొండ ఎక్కడుందో రిఫరీ చెబుతాడు, ఏరు ఎంత లోతో చెబుతాడు, తడిసిన మందు పేలదంటాడు. ఎవరు గెలవాలో ఇంట్లో రాసుకుని రాడు. నువ్వూ నేనూ రాసుకుని వచ్చాం.

అందుకని నలభై పేజీలు మానెయ్. ఆట మానకు. నేనిప్పుడు రాసుకునేది అర ఠావు. అందులో ఏముంటుందో మీ ఊరి సంగతితోనే చెబుతాను.

దసరా వెళ్ళిన మంగళవారం మీకు పైడితల్లమ్మ సిరిమానోత్సవం. అమ్మవారు పూజారి కలలోకి వచ్చి ఫలానా చోట చింతచెట్టు ఉందని చెబుతుందని, ఆ చెట్టే సిరిమాను అవుతుందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నావు. ఆ ఒక్క ముక్క పట్టుకో. కలలో చెట్టు కనబడింది. సరే, ఆ చెట్టు ఎవరి పెరట్లో ఉంది? ఊరి పేరు మార్చెయ్, పండగ పేరు మార్చెయ్, ఏదో ఒక రాజ్యంలో ఏదో ఒక మాను పండగ అనుకో. అమ్మవారిని మాత్రం ఆటలోకి లాగకు, ఆవిడకు హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకోగలరో చెప్పే లెక్క) వెయ్యకు. ఛాదస్తంతో చెప్పడం లేదు. ఆ గదిలో ఉన్న ఐదుగురిలో ఒకరి ఇంట్లో మొక్కు ఉంటుంది, వాళ్ళ మొహం మాడిపోతుంది, ఆట అక్కడితో చస్తుంది.

ఇప్పుడు నా అర ఠావులో ఉండేది ఇది. పూజారికి ఏడు రోజుల్లో చెట్టు ఊళ్ళోకి రావాలి. పెరటి ఆసామి చెట్టు ఇస్తానంటాడు కానీ తవ్వనివ్వడు, వేళ్ళ కింద అతను పాతిపెట్టింది ఏదో ఉంది. పక్క ఊరి పెద్దమనిషికి ఆ పండగ తన ఊళ్ళో జరగాలని నలభై ఏళ్ళ కోరిక. ఆ చెట్టు మీద ఒక కొరివి దయ్యం కాపురముంటోంది, చెట్టు కొట్టేస్తే దానికి ఇల్లు లేదు. నలుగురికీ తలో కోరిక, ఒకరికి దక్కితే ఇంకొకరికి దక్కదు. దాని కింద ఇంకో రెండు ముక్కలు రాస్తాను: మన వీరులు ఏ వేలూ పెట్టకుండా ఇంట్లో పడుకుంటే ఏమవుతుంది? మూడో రాత్రి గొడ్డళ్ళ చప్పుడు వినబడుతుంది. ఐదో రోజు పొద్దున చెట్టు ఉండదు. ఏడో రోజు రెండు ఊళ్ళ మధ్య కర్రలు లేస్తాయి. అంతే. వీరులు ఏం చేస్తారో రాయను, అది నా పని కాదు. చెట్టు తెస్తారా, దయ్యానికి వేరే చెట్టు చూసి పెడతారా, పక్క ఊరితో చేతులు కలుపుతారా, వాళ్ళిష్టం. ఒకసారి మా వాళ్ళు ఇలాంటి చోటే దయ్యానికి ఇల్లు చూసి పెట్టే పని పెట్టుకుని నాలుగు ఆదివారాలు ఊరూరా చెట్లు చూశారు. ఒక చెట్టుకి గాలి సరిగా రావడం లేదట, ఇంకోదానికి పక్కింటి కాకులు మంచివి కావట!

ఒక్క జాగ్రత్త ఉంది. రాత్రిపూట ఆ మాను ఎటు తీసుకెళ్ళారన్నది కథకు ముఖ్యమైతే, ఆ సంగతి ఒక్కరి నోట్లోనే పెట్టకు. వీళ్ళు ఆ ఒక్కరి దగ్గరికి తప్ప అన్ని చోట్లకీ వెళ్తారు, అది డీఎం జాతకం. ఏటి ఒడ్డు బురదలో బండి చక్రాల జాడ పెట్టు. పడవ నడిపేవాడికి ఆ రాత్రి దొరికిన కొత్త పంచె పెట్టు. పకోడీల బండివాడు తెల్లవారుజామున శనగపిండి కోసం వెళ్తూ చూశాడని పెట్టు. మూడింట్లో ఏదో ఒకటి తగులుతుంది.

దాంతోపాటు పది పేర్లు ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకో. ఎవరైనా "నీ పేరేంటి?" అని అడగ్గానే నువ్వు నసిగితే ఆ మనిషి అబద్ధమని వాళ్ళకు తెలిసిపోతుంది. మన దగ్గర పేర్లకు కరువా? దేవుడి పేరో దేవుడున్న ఊరి పేరో పెట్టేస్తారు: సింహాచలం, ముఖలింగం, కూర్మయ్య, సూరీడు, పైడిరాజు, అప్పలనరసమ్మ. గుమ్మం దగ్గర కాపలావాడు ముఖలింగం అనగానే అతనికి ఒక ఇల్లు, ఒక అత్తగారు, ఒక అప్పు వాటంతటవే వచ్చేస్తాయి. అదే వాడికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి చూడు, చేతిలో బల్లెం తప్ప వాడికేమీ ఉండదు.

ఇక భాష. ఇది నాకు ఇష్టమైన గొడవ, కాస్త ఎక్కువ రాస్తాను, ఓర్చుకో.

ఆటలో లెక్కల మాటలు వేరు, మనుషుల మాటలు వేరు. హిట్ పాయింట్, ఇనీషియేటివ్ (పోరాటంలో ఎవరి వంతు ముందో తేల్చే పాచిక), సేవింగ్ త్రో (ఆపద తప్పించుకోవడానికి వేసే పాచిక) లాంటివి ఉన్నవి ఉన్నట్టే వాడుకో, వాటిని తెలుగు చెయ్యబోకు. క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూని మనం ఎల్బీడబ్ల్యూ అనే అంటాం, మన ఊళ్ళల్లో క్రికెట్ ఆగిందీ లేదు. మనుషులు మాట్లాడేటప్పుడే నీకు నాటకం వచ్చేస్తోంది. ఎందుకంటే మన చెవుల్లో ఉన్న రాజులందరూ రంగస్థలం రాజులే. రాజు అనగానే నోటికి "ఎచ్చటనుండి వచ్చుచున్నావు" అని వస్తుంది, నీ తప్పు కాదు. కానీ ఒక్కటి గుర్తు తెచ్చుకో. గురజాడ అప్పారావుగారు మీ ఊళ్ళో ఉండి, జనం మాట్లాడుకునే మాటలతో నాటకం రాస్తే, దాన్ని 1892లో మీ ఊళ్ళోనే ఆడారు. ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. నూట ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఊళ్ళో డాబా మీద కూర్చుని నువ్వు గ్రాంథికం పలికితే ఎలా తమ్ముడూ?

రాజుకి గంభీరమైన భాష అక్కర్లేదు, అలవాటు ఉంటే చాలు. నా రాజు ఎవరు ఏమడిగినా జవాబివ్వడు, ఎదురు ఇంకో ప్రశ్న వేస్తాడు. దివాను ప్రతి మాటకీ ముందు "తమరు చెప్పాక ఇంకేముంది" అంటాడు, ఆ తర్వాత తాను అనుకున్నదే చెబుతాడు. గొంతు మార్చనక్కర్లేదు, మిమిక్రీ రానక్కర్లేదు. ఒక అలవాటు, ఒక కోరిక, ఒక భయం ఉంటే మనిషి నిలబడతాడు. మీ బండివాడికి అప్పుడే బేరమాడే అలవాటు వచ్చేసింది. కోరిక ఏమిటో, భయం ఏమిటో ఈ వారం ఆలోచించు.

మన యాస గురించి కూడా ఒక మాట. బండివాడికీ కాపలావాడికీ తాగుబోతుకీ మాత్రమే శ్రీకాకుళం మాట ఇచ్చి, మంత్రగాళ్ళకూ రాజులకూ పేపరు భాష ఇవ్వకు. సినిమాలో మన మాట వినబడిందంటే పనివాడో నవ్వించేవాడో వస్తున్నాడని లెక్క. ఆ అవమానం మనం ఎన్నాళ్ళు చూడలేదు? మన గదిలో, మన ఆటలో కూడా అదేనా? నా ఆటలో అందరికంటే పెద్ద మంత్రగత్తె ఉద్దానం ముసలమ్మలా మాట్లాడుతుంది. మా వాళ్ళు మూడు నెలలు ఆవిడ కోసం వెతికి చివరికి గుహలోకి దిగారు. కాగడా ఆరిపోయింది. నేను రెండు క్షణాలు ఊరుకుని, మా పెద్దమ్మ గొంతు తలుచుకుని, నెమ్మదిగా అన్నాను: "ఏటి బావూ, ఇంత రేత్రేల ఒచ్చినారు? తిన్నారేటి?"

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మా దొంగ పాత్ర వేసేవాడు చాలాసేపటికి, "నేను రెండడుగులు వెనక్కి వేస్తున్నాను" అన్నాడు.

రూల్స్ అబ్బాయి సంగతికి వద్దాం. అతని మీద కోపం తెచ్చుకోకు, మీ అందరిలో ఆ పుస్తకం పూర్తిగా చదివినవాడు బహుశా అతనొక్కడే. పని ఇవ్వు. ఈ ఆట మూలనియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా ఉన్నాయి, దించుకుని ప్రింటు తీసుకోవచ్చు, తప్పేమీ లేదు. ఒక ప్రింటు బైండు చేయించి అతని చేతిలో పెట్టి, "రూల్ కావాలంటే నేను అడుగుతాను, నువ్వు వెతికి చెప్పాలి" అను. రెండు నిమిషాల్లో దొరక్కపోతే అప్పటికి నీ మాటే చెల్లుతుంది. ఆట అయ్యాక చూస్తారు, తప్పైతే పైవారం నుంచి సరిదిద్దుకుంటారు, జరిగిపోయినదాన్ని తిరగదోడరు. ఈ ఒప్పందం అందరి ముందూ చెయ్. చాటుగా చేస్తే అతనికి శిక్షలా ఉంటుంది.

నువ్వు మాత్రం మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు: సులువైన పనికి 10, ఓ మాదిరి పనికి 15, కష్టమైనదానికి 20. ఇరవై ముఖాల పాచిక వేసి, ఆ మనిషి బలాన్ని బట్టి వచ్చేది కలిపితే ఆ అంకె చేరాలి. కోటగోడ ఎక్కడం 15 అనుకో. బలం 16 ఉన్నవాడికి మూడు కలుస్తుంది, ఎక్కడం నేర్చినవాడైతే మొదటి లెవల్లో ఇంకో రెండు. అంటే పాచిక మీద 10 గానీ ఆపైన గానీ పడాలి, ఇరవైలో పదకొండు ముఖాలు, 55 శాతం. పైనుంచి ఎవరైనా తాడు వేస్తే అడ్వాంటేజ్ ఇవ్వు. రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటాడు, అవకాశం దాదాపు 80 శాతానికి వెళ్తుంది. వానకు గోడ పాచి పట్టి జారుతుంటే డిసడ్వాంటేజ్. రెండింట్లో చిన్నది తీసుకుంటే 30 శాతానికి పడిపోతుంది. తాడుందా, వానుందా? సగం తగువులు ఈ రెండు ప్రశ్నలతో తీరిపోతాయి. మిగతా సగం పుస్తకంలో వెతకడానికి అతనున్నాడు.

ఇంకో సంగతి. పాచిక పడకపోయినా ఏమీ మారని చోట పాచిక వేయించకు. తాళం తీయబోయి పడలేదు, మళ్ళీ వేశాడు, పడలేదు, మళ్ళీ వేశాడు. ఇది ఆట కాదు, బస్టాండులో ఎదురుచూపు. పడకపోతే ఏదో ఒకటి కావాలి: తాళం వచ్చింది కానీ లోపల కుక్క లేచింది, తాళం వచ్చింది కానీ మేకు విరిగి అందులోనే ఉండిపోయింది. ఈ "వచ్చింది కానీ" అనేదాన్ని నియమంగానే పెట్టుకున్న ఆటలు ఉన్నాయి. 2010లో వచ్చిన అపొకలిప్స్ వరల్డ్ దారిలో పుట్టిన ఆటల్లో రెండు మామూలు పాచికలే వేస్తారు. పదీ ఆపైన పడితే పని అయినట్టు, ఏడు నుంచి తొమ్మిది పడితే అయింది కానీ ఏదో చెల్లించుకోవాలి, ఆరూ అంతకు తక్కువైతే చిక్కు వచ్చిపడుతుంది. లూడో పెట్టెలోని పాచికలు చాలు. మీకు రూల్స్ తగువులతో విసుగు పుడితే ఒక నెల అలాంటిది ఆడి చూడండి. ఆ నెల ఇంకొకర్ని నడపమను, నువ్వు హాయిగా ఒక దొంగనో బైరాగినో వేసుకుని కూర్చో. నడిపేవాడికీ విశ్రాంతి కావాలి.

నోరు విప్పని అమ్మాయి విషయంలో ముందు ఒక ప్రశ్న. ఆరు నెలలుగా వస్తోంది కదా? బలవంతం లేకుండా వస్తోంది కదా? అయితే ఆమెకు ఏదో నచ్చుతోంది. అందరూ మాట్లాడితేనే ఆట అనుకోకు. మా గుంపులో ఒకమ్మాయి రెండు నెలలు ఒక్క ముక్క మాట్లాడకుండా నోటుబుక్కులో ఏదో గీసుకుంటూ ఉండేది. నేను మనసులో కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. ఒకరోజు మా వాళ్ళు దారి తప్పి కొట్టుకుంటుంటే ఆ పుస్తకం మధ్యకు తోసింది. మేం తిరిగిన ప్రతి ఊరూ, ప్రతి వంతెనా అందులో ఉంది. నేను రెండుసార్లు నదిని తప్పు దిక్కుకు పారించానని కూడా ఎర్ర పెన్నుతో రాసుంది!

అందరి ముందూ "నువ్వేమైనా చెప్పు" అని మీద పడకు. అది బళ్ళో లేపి పాఠం అడిగినట్టు ఉంటుంది. ఆమె పాత్రకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి చీటీ మీద రాసి చేతిలో పెట్టు: "ఈ దివాను ఉంగరం నువ్వు ఇంతకుముందు చూశావు." చెప్పాలో వద్దో ఆమే చూసుకుంటుంది. ఇంకోటి, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. నలుగురిలో ఆమె ఒక్కతే అమ్మాయి అయితే, ఆమె పాత్ర మీద మిగతావాళ్ళు ఏం జోకులు వేస్తున్నారో ఒకసారి చెవులు పెట్టి విను. నీకు వినబడి ఉండకపోవచ్చు, ఆమెకు వినబడుతూనే ఉంటాయి. ఒక ఆదివారం పాచికలు తియ్యకుండా కూర్చుని, ఈ ఆటలో ఏమేం ఉండకూడదో అందరూ మాట్లాడుకోండి. ఆ తర్వాత ఒక అట్టముక్క మీద ఇంటూ గుర్తు వేసి బల్ల మధ్యలో పెట్టండి. ఎవరు దాన్ని ముట్టుకున్నా ఆ సన్నివేశం అక్కడితో ఆపి ముందుకు వెళ్ళిపోవడమే, ఎందుకని అడగకూడదు. ఈ అట్ట పద్ధతి చాలామంది వాడేదే, నేను కనిపెట్టింది కాదు. మా బల్ల మీద అది ఇన్నేళ్ళలో ముట్టుకున్నది రెండేసార్లు. కానీ తీసెయ్యాలని ఎవరూ అనలేదు. చీకటి పడేలోపు ఆట ముగించు, ఆమె ఇంటికి వెళ్ళే దారి గురించి ఆమె నీకు చెప్పకపోవచ్చు.

లేటు వచ్చేవాళ్ళకు మందు లేదు. నువ్వు కాక ఇద్దరుంటే మొదలుపెట్టెయ్. రానివాడి పాత్రకు చలిజ్వరం, సత్రంలో దుప్పటి కప్పుకుని పడుకుంది. వాడు వచ్చాక లేస్తుంది. రెండుసార్లు సత్రంలో పడుకున్నాక వాళ్ళే టైముకు వస్తారు, రాకపోయినా నీ టెన్షన్ తగ్గుతుంది.

అమ్మగారి అనుమానంలో తప్పేమీ లేదు. పాచికలంటే మన ఇళ్ళల్లో మొదట గుర్తొచ్చేది ధర్మరాజు. డబ్బు పెట్టడం లేదని నువ్వు మెట్ల మీద నుంచి అరిచి చెబితే అనుమానం ఇంకా పెరుగుతుంది. పైకి పిలిచి కూర్చోబెట్టు, ఇరవై ముఖాల పాచిక చేతిలో పెట్టి ఒక్కసారి వేయించు. మా అమ్మ మొదట్లో గుమ్మంలో నిలబడి చూసేది. మేం హిట్ పాయింట్లు కాగితం మీద కొట్టేసి, చెరిపేసి, చిరిగేదాకా రాస్తుంటే, వంటింట్లోకి వెళ్ళి ఒక డబ్బాడు చింతపిక్కలు తెచ్చి ఇచ్చింది. "అష్టాచెమ్మాకి దాచినవి" అంది. ఇప్పటికీ మా దెబ్బల లెక్క వాటితోనే. దెబ్బ తగిలితే ఎవరి పిక్కలు వాళ్ళు గిన్నెలో వేస్తారు, ఆ టక్‌మన్న చప్పుడుకి ఉన్న భయం కాగితం మీది అంకెకు లేదు.

ఆ రోజే ఇంకో సంగతి జరిగింది. వంశధార దాటే చోట వంతెన కింద ఒక రాక్షసుడిని పెట్టాను. సుంకం అడుగుతాడు, ఇవ్వకపోతే యుద్ధం. మా వాళ్ళు ఆయుధాలు తీశారు, నేను ఇనీషియేటివ్ వేయమన్నాను. అమ్మ టీ గ్లాసులు పెడుతూ అడిగింది: "వాడికి పెళ్ళాం పిల్లలు లేరేటి? ఒక్కడే ఉన్నాడా ఆ నీళ్ళల్లో?" నా దగ్గర జవాబు లేదు. అందరూ నా వైపు చూస్తున్నారు. ఉన్నారన్నాను. ఎక్కడున్నారంది. తుపానులో కొట్టుకుపోయారని నోటికొచ్చింది చెప్పేశాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఇక్కడ తుపాను అంటే ఎవరికీ కథ కాదు, తిత్లీ వచ్చిన 2018 అక్టోబరు అందరికీ గుర్తే. మా బావ, పాచిక పళ్ళెంలో పెట్టేసిన ఆ బావే, తన పాత్ర కత్తి కింద పెట్టి ఒడ్డున కూర్చుందన్నాడు. ఆ రాక్షసుడు తర్వాత రెండేళ్ళు మా గుంపుతోనే తిరిగాడు.

సరే, ఆదివారం సంగతి. దొంగ దివానును కోటలోనే ఉండనీ, అతనెక్కడికీ పోడు. సొరంగం కూడా ఎక్కడికీ పోదు. ఎంతమంది వస్తే అంతమందిని కూర్చోబెట్టి, పాత కాగితాలేమీ తియ్యకుండా ఇలా మొదలుపెట్టు. పొద్దు వాలింది. కోట గుమ్మం ముందు బండి ఉంది. పొయ్యిలో నిప్పు ఉంది, బాణలిలో వాయ నల్లగా మాడిపోతోంది, తీసేవాడు లేడు. అతని చెప్పుల్లో ఒకటి గుమ్మానికి ఇవతల పడి ఉంది, ఇంకోటి అవతల.

— మీ అక్క